తోమకముందే తీయండి

తిరుపతిలో స్టూడియో నడిపినన్నాళ్ళూ నా కెమెరా ముందు కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది గుండ్లూ నామాలతో వచ్చిన యాత్రికులే. వెనక గోపురం బొమ్మ వేసిన పరదా ఒకటి ఉండేది. స్టూడియో మూసేశాక చిన్నప్పటి ఇంటి సామాన్లను ఫోటోలు తీయడం మొదలుపెట్టాను: సంగటి కట్టె, కవ్వం, లాంతరు, పడి. అవి చూసి కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకొని వస్తున్నారు, ఎట్లా తీయాలి తాతా అంటూ. వాళ్ళకు చెప్పేవే ఇవి.

1. ముందు తోమొద్దు. చింతపండు పెట్టి తళతళలాడించారంటే పాత ఇత్తడి చెంబు కాస్తా నిన్న అంగట్లో కొన్న చెంబు అయిపోతుంది. పైగా మెరిసే ఇత్తడి అద్దంతో సమానం. కిటికీ, మీ చొక్కా, మీ చేతిలో ఫోను అన్నీ దాంట్లో కనబడతాయి. అడుగున పట్టిన మసి, అంచున చిలుము, లోపల కళాయి పోయిన చోటు, చెయ్యి పట్టీ పట్టీ నునుపెక్కిన మెడ... మీరు తీయాల్సింది వాటినే. అటక మీద చేరిన దుమ్మును మటుకు మెత్తటి గుడ్డతో తుడిచేయండి. అది వాడకం గుర్తు కాదు.

2. వెలుతురు పక్కనుంచి పడాలి. ఫ్లాష్ వద్దు. ట్యూబులైటు కూడా ఆర్పేయండి, లేకుంటే రెండు వెలుతుర్లు కలిసి రంగులు చెడతాయి. కిటికీకి పాత తెల్లపంచె కట్టి, వస్తువుకు రెండోపక్క థర్మోకోల్ అట్ట నిలబెడితే స్టూడియో తయారైనట్టే. మన పెళ్ళి సామాన్ల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టిస్తారు కదా, ఎదురుగా వెలుతురు వేస్తే ఆ పేరు కనబడదు. పక్కనుంచి, కాస్త దిగువగా వస్తే ఒక్కో చుక్కా నీడ పట్టి, ఇచ్చిందెవరో చదవొచ్చు. ఇసుర్రాయి మీద ఉలితో కొట్టిన గాట్లకూ ఇదే మందు.

మన ఎండాకాలపు వెలుతురు ఈ పనికి పనికిరాదు, నీడలు నల్లగా కోసేసినట్టు వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు పడుతుంది చూడండి, అప్పుడు కిటికీ దగ్గర కూర్చోండి. మబ్బు కంటే మంచి పరదా ఏ కంపెనీ చేయలేదు.

1930లో ఎడ్వర్డ్ వెస్టన్ అనే అమెరికా ఆయన ఒక వంకర క్యాప్సికమ్‌ను రేకు గరాటులో పెట్టి తీశాడు. గరాటు గోడలకు తగిలిన వెలుతురు, మన థర్మోకోల్ అట్టకు తగిలినట్టే, కాయ చుట్టూ తిరిగి వచ్చింది. ఆ ఫోటో ప్రపంచమంతా పేరుకెక్కింది. సీమనూనె పోసే గరాటు మన ఇళ్ళల్లోనూ ఉండేది, కాకపోతే దాంట్లో కాయ పెట్టాలని మనకెవరికీ తోచలేదు.

3. చిన్నప్పటి వస్తువును చిన్నప్పటి ఎత్తునుంచే చూడండి. ఉట్టిని కిందనుంచి తీయాలి, అందులోని దుత్త అందకూడదు. రోటిని తీయాలంటే నేలమీద చతికిలబడాల్సిందే. నిలబడి పైనుంచి తీసిన రోలు రెవెన్యూవాళ్ళు జప్తుకు రాసుకున్న సామాను మాదిరి ఉంటుంది.

4. స్టాండు వాడండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. కెమెరా అయితే ఎఫ్8, ఐఎస్ఓ 100. ఇంతకుమించిన సాంకేతికం అడక్కండి.

5. కలిసి బతకని వస్తువులను పక్కపక్కన పెట్టకండి. లాంతరు పక్కన గులాబీ, దాని పక్కన పాత కళ్ళజోడు: ఈ ఏర్పాటు పెళ్ళి ఆల్బమ్ అట్టకు సరిపోతుందేమో. మా అవ్వ లాంతరు పక్కన ఉండేది అగ్గిపెట్టె, చిమ్నీ తుడిచే పాతగుడ్డ. అదే విధంగా తిరుపతి కొయ్యబొమ్మలు రాజా రాణీ జంటగానే తీయండి, విడదీయొద్దు. పాతవి ఎర్రచందనంవి అయితే కెమెరా ఆ ఎరుపును ముద్ద చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించుకోండి.

6. ఎంత ఉందో తెలియాలి. పడి అంటే గింజలు కొలిచే పాత్ర అని ఈనాటి పిల్లలకు తెలియదు. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాయి, 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. శేర్లూ అణాలూ అటకెక్కాయి. పడి పక్కన గుప్పెడు రాగులు పోయండి, అణా ఉంటే అదీ పెట్టండి.

7. ఎవరిదో రాసిపెట్టండి. చంద్రగిరి రాజమహల్ మ్యూజియంలో రాతి విగ్రహాలూ లోహ విగ్రహాలూ ఉన్నాయి. మీ అవ్వ కవ్వానికి అక్కడ చోటు దొరకదు, దాని ఆనవాలు మీ ఫోటోలోనే మిగలాలి. ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ అనే ఆయన 1844లో వెలువరించడం మొదలుపెట్టిన ఫోటోల పుస్తకంలో అరల్లో సర్దిన పింగాణీ సామాన్ల ఫోటో ఒకటుంది. దొంగలెత్తుకుపోతే కోర్టులో ఈ బొమ్మే సాక్ష్యం చెబుతుందని రాశాడాయన. మనకు దొంగ అక్కర్లేదు, పాత ఇత్తడి తూకానికి కొనేవాడు చాలు. అందుకని ఫోటోతోపాటు ఏ ఊరిది, ఎవరు కొన్నది, దేనికి వాడారు అన్నవి రాయండి. ఎట్లా రాయాలో తెలియకపోతే రచయిత నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ చదవండి, మన జిల్లా ఇంటి వాకిలి అంతా దాంట్లో ఉంది.

భోగి రోజు తెల్లారుజామున విరిగిన చేటలూ తెడ్లూ మంటలో పడతాయి. వేయొద్దని చెప్పను, పండగ పండగే. ముందురోజు పగలు వాటిని ఒక్కసారి కిటికీ దగ్గరికి తెచ్చి తీయండి, ఇంట్లో అవ్వ ఉంటే పక్కన కూర్చోబెట్టుకొని తీయండి.