చెల్లీ, మళ్లీ అన్నం మానేశావా?

మెస్సులో నీ కంచం చూస్తేనే తెలిసిపోతోందే. నాలుగు కీరా ముక్కలు, గ్లాసుడు మజ్జిగ. అడిగితే "ఆకలి లేదక్కా" అంటావు. తెల్లారకముందే గ్రౌండులో దిగి రెండు గంటలు పరుగెత్తిన పిల్లకి ఆకలి లేకపోవడమేమిటి?

నీ తిప్పలు నాకు తెలుసులే. పండక్కి ఇంటికెళ్తే అమ్మమ్మ "చిక్కిపోయావే" అని నెయ్యి గుమ్మరిస్తుంది. ఆ సాయంత్రమే ఎవరో అత్తయ్య వచ్చి "ఆ భుజాలేంటే, మగరాయుడిలా! రేపు పెళ్లికి జాకెట్టు ఎలా కుట్టిస్తారు?" అంటుంది. హాస్టలుకొచ్చి రీలు పెడితే కింద నీ తొడల మీద కామెంట్లు. ట్రయల్స్ రోజున అందరి ముందూ బరువు తూచి, అంకె గట్టిగా చదువుతారు. (అంత గట్టిగా చదవక్కర్లేదని పీడీలకి ఎవరైనా చెబితే బాగుండు.) ఇన్ని కళ్లు వెంటాడుతుంటే అన్నం ముద్ద గొంతు దిగదు మరి.

కానీ మొన్న నవ్వుతూ ఒక మాటన్నావు చూడు, "మూడు నెలలుగా నెలసరి రావట్లేదక్కా, మీట్ మధ్యలో బెంగ లేదు" అని. నా గుండె జల్లుమంది. చేసే కసరత్తుకి తిండి చాలకపోతే ఒళ్లు ప్రాణం నిలిపే పనులు చూసుకుని మిగతావి ఆపేస్తుంది. నెలసరి అలాగే ఆగుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక బలహీనపడుతుంది. మోకాలి కింది ఎముకలో సన్నని పగులొచ్చి, సీజన్ పోయాక గానీ చాలామందికి విషయం తెలియదు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీన్ని 'రెడ్-ఎస్' అంది, మగపిల్లలకీ వస్తుందని చెప్పింది. వాళ్లకి నెలసరి లాంటి గుర్తు లేదు కదా, ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. ప్రొటీన్ డబ్బా చాల్లే అని భోజనం మానేసే మీ క్లాసు కుర్రాళ్లకీ చెప్పు.

నీ రూమ్మేట్ కుస్తీ పిల్ల కదూ? తూకం ముందురోజు నీళ్లు మానేసి, స్వెటర్ వేసుకుని పరుగెత్తుతుందటగా. 2024 ఆగస్టు 7న పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్ తూకానికి ముందు మన కుస్తీ అమ్మాయి వినేశ్ ఫోగాట్ రాత్రంతా చెమటోడ్చి, జుట్టు కూడా కత్తిరించుకుంది. అయినా 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువుందని ఫైనల్ ఆడనివ్వలేదు. అంతకుముందు ఆమె ఆడింది 53 కిలోల్లో. బరువులెత్తే మన సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరిని చూడు: 1994, 1995ల్లో ప్రపంచ విజేత అయినప్పుడు 54 కిలోల విభాగం, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చినప్పుడు 69 కిలోలు! "సార్, పై విభాగంలో ఆడతాను" అని మీ రూమ్మేట్‌ని అడగమను. అదీ సీజన్ మొదట్లోనే, తూకం ముందురాత్రి కాదు.

ప్రాక్టీసయ్యేసరికి టిఫిన్ అయిపోతోందంటావా, వార్డెన్‌కి చెప్పి నీ వాటా పక్కన పెట్టించుకో. బ్యాగులో రెండు అరటిపళ్లు, పల్లీ చిక్కీ పడేసుకో. గుడ్డులో పచ్చసొన పారేయకు. రాత్రికి అన్నం, పప్పు, పెరుగు కడుపునిండా తిను, పరుగుకి కావాల్సిన శక్తి ముందు ఆ అన్నంలోంచే వస్తుంది. తిన్నాక బాత్రూములోకెళ్లి వాంతి చేసుకోవడం లాంటిదేమైనా ఉంటే మాత్రం నా దగ్గర దాచకు, నేను తిట్టను. దానికీ డాక్టర్లున్నారు.

శనివారం సాయంత్రం ప్రాక్టీసు లేదుగా? గైనకాలజిస్టు దగ్గర టైం తీసుకుంటాను. తోడుగా నేనూ వస్తాను.