చిగుళ్ల సూక్ష్మజీవికి సరైన మందు ఏది? తేల్చే పరీక్ష ఇలా

హైదరాబాద్ పాతబస్తీ నుంచి నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్. ఉస్మానియా ఆసుపత్రి పక్కనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల. అక్కడిదాకా వెళ్లే ఓపిక లేక, చిగురు వాచగానే మెడికల్ షాపులో మెట్రోనిడజోలో, అమాక్సిసిలినో అడిగి తెచ్చుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఆ మాత్ర మన నోట్లోని సూక్ష్మజీవిని చంపుతుందా లేదా అన్నది ల్యాబులో తేల్చవచ్చు. ఈ పరీక్ష అందరికీ అక్కర్లేదు. పళ్లు శుభ్రం చేయించుకున్నా తగ్గని, పదేపదే తిరగబెట్టే చిగుళ్ల వ్యాధికే దీని అవసరం.

1. నమూనా తీయడం

మిల్లీమీటర్ల గీతలున్న సన్నని ప్రోబ్‌ను పంటికీ చిగురుకీ మధ్య దించి లోతు కొలుస్తారు. ఆరోగ్యమైన చిగురులో అది 3 మి.మీ. దాటదు. 5 మి.మీ. పైబడిన సందులను ఎంచుకుంటారు. ఇటీవల యాంటీబయాటిక్ వాడి ఉంటే ముందే చెప్పాలి, లేదంటే ఫలితం తారుమారవుతుంది. లాలాజలం తగలకుండా దూది పెట్టి, పైపాచి తుడిచి, స్టెరైల్ పేపర్ పాయింట్‌ను సందు అడుగుదాకా దించుతారు. కొన్ని సెకన్లకు తీసి, ఆక్సిజన్ లేని ద్రవంలో వేసి వెంటనే ల్యాబుకు పంపుతారు.

2. గాలి తగలకుండా పెంచడం

ఈ వ్యాధిలో ప్రధానమైన పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ ఆక్సిజన్ తగిలితే బతకదు. అందుకే హెమిన్, విటమిన్ కె కలిపిన బ్లడ్ అగార్ ప్లేటుపై నమూనా పూసి, ఆక్సిజన్ తొలగించిన జార్‌లో 37 డిగ్రీల వద్ద వారం, ఆపైన ఉంచుతారు. ఎర్రటి ప్లేటుపై లేత రంగులో మొలిచిన చుక్కలు అంచుల నుంచి లోపలికి నల్లబడతాయి. రక్తంలోని హీమ్‌ను ఒంటికి పట్టించుకోవడం వల్ల వచ్చే నలుపు అది. ఈ వ్యాధిలో కనిపించే మరో సూక్ష్మజీవి అగ్రిగాటిబాక్టర్‌ను వేరే ప్లేటుపై, కార్బన్ డయాక్సైడ్‌లో పెంచుతారు. భూతద్దంలో దాని చుక్క మధ్య నక్షత్రం ఆకారం కనిపిస్తుంది.

3. మందుతో పరీక్ష

అనుమానించిన చుక్కను విడిగా పెంచి, ఏ జీవో నిర్ధారిస్తారు. దాన్ని నిర్ణీత చిక్కదనంలో కలిపి కొత్త ప్లేటుపై పూసి, మందు మోతాదు క్రమంగా పెరిగే ఈ-టెస్ట్ స్ట్రిప్ పెడతారు. రెండు రోజుల తర్వాత, సూక్ష్మజీవి పెరగని ఖాళీ అంచు స్ట్రిప్‌ను తాకిన చోటి అంకెను చదువుతారు. పెరుగుదలను ఆపే కనీస మోతాదు అదే.

4. రిపోర్టు చదవడం

అమెరికాలోని ల్యాబ్ ప్రమాణాల సంస్థ సీఎల్‌ఎస్‌ఐ ప్రకారం ఆక్సిజన్ గిట్టని జీవులపై మెట్రోనిడజోల్ అంకె మిల్లీలీటరుకు 8 మైక్రోగ్రాములు, అంతకు తక్కువైతే మందు పనిచేస్తుంది. 32, ఆపైన అయితే పనిచేయదు. అగ్రిగాటిబాక్టర్ కొద్దిపాటి ఆక్సిజన్‌లోనూ బతుకుతుంది కాబట్టి దానిపై మెట్రోనిడజోల్ ఒక్కటే చాలదు. అమాక్సిసిలిన్‌తో జోడిస్తే ఫలితం బాగుందని 1989లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపారు. చిగుళ్ల సందుల్లో ఉండే మరో సూక్ష్మజీవి ప్రెవొటెల్లాలో కొన్ని రకాలు అమాక్సిసిలిన్‌నే ముక్కలు చేసే ఎంజైమును తయారుచేస్తాయి. ఒకరికి కుదిరిన మాత్ర పక్కింటివారికి కుదరకపోవడానికి ఇదీ ఒక కారణం.

5. శుభ్రం తర్వాతే మాత్ర

ప్లేటుపై లొంగిన జీవి నోట్లోనూ లొంగుతుందని హామీ లేదు. పాచిలో అది జిగురు పొర చాటున దాక్కుంటుంది, మందు దాన్ని సరిగా చేరదు. ముందు గార తీయించి, పంటి వేళ్లు శుభ్రం చేయించాలి. ఆపై అవసరమైతేనే, డాక్టర్ రాసిన మందు, రాసినన్ని రోజులూ వాడాలి. చీటీ లేకుండా కొని రెండు రోజులకే ఆపేసిన మాత్ర, రేపు నిజంగా అవసరమైన రోజున పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది.