భూగర్భ విజ్ఞానము – గ్రామ జలసంపద

గ్రామపంచాయతీ సమావేశములలో చర్చకు వచ్చు విషయములలో నీటి సమస్య మొదటిది. బావి ఎండినది, బోరు వేయింపవలెనని ఒకరందురు. ఎక్కడ వేయవలెను, ఎంత లోతు వేయవలెనని మరియొకరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నలకు సమాధానము భూమిలోపల నున్నది. లోపలి భాగము కంటికి కనబడదు గనుక ఊహమీద ఆధారపడుట మనకు అలవాటైనది. ఊహ తప్పి ఒకటి రెండు బోర్లు విఫలమైనచో చిన్న రైతు అప్పులపాలగును. భూగర్భమును తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు ఎట్టి మార్గములు కనుగొనిరో, అవి గ్రామమున కెట్లుపయోగపడునో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

భూమి లోపల ఏమున్నది?

భూమి ఉపరితలమునుండి కేంద్రమునకు దూరము సుమారు 6,370 కిలోమీటర్లు. మానవుడు త్రవ్విన రంధ్రములలో నిలువు లోతున మిక్కిలి పెద్దది రష్యాలోని కోలా ద్వీపకల్పమున నున్నది. 1970లో ప్రారంభమైన ఆ త్రవ్వకము 1989 నాటికి 12,262 మీటర్ల లోతునకు చేరినది. అచ్చట వేడిమి సుమారు 180 డిగ్రీల సెంటిగ్రేడు ఉండుటచే పని ముందుకు సాగలేదు. ఇంత శ్రమించినను కేంద్రమునకు గల దూరములో ఐదువందలవ వంతు మాత్రమే గడచినది.

అట్లయిన లోపలి సంగతి ఎట్లు తెలిసినది? కుండను కొనబోయిన గృహిణి దానిని వ్రేలితో తట్టి చూచును. ధ్వనినిబట్టి పగులున్నదో లేదో గ్రహించును. శాస్త్రజ్ఞులు చేయుపనియు ఇట్టిదే. భూకంపము కలిగినప్పుడు పుట్టిన అలలు భూమి అంతటను ప్రయాణించును. అవి గట్టిరాతిలో ఒక వేగముతోను, మెత్తని పదార్థములో మరియొక వేగముతోను పోవును. వానిలో ఒక జాతి అలలు ద్రవముగుండ పోజాలవు. ఏ అల ఎంతసేపటికి ఎచ్చటికి చేరినదో లెక్కించినచో, అది నడచిన దారి ఎట్టిదో తెలియును.

ఈ విద్యకు మన దేశముతో సన్నిహిత సంబంధము కలదు. 1897 జూన్ 12వ తేదీన అస్సామున మహాభూకంపము సంభవించినది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేయుచుండిన ఓల్డ్‌హామ్ అను శాస్త్రజ్ఞుడు ఆ భూకంపమును పరిశీలించి, దూరదేశముల యంత్రములపై నమోదైన అలలలోని భేదములను గుర్తించెను. భూమి నడుమ వేరొక తీరు గర్భము కలదని 1906లో ఆయన నిరూపించెను. 1936లో డెన్మార్కు శాస్త్రజ్ఞురాలు ఇంగె లేమన్ ఆ గర్భములో ఘనమైన గోళ మొకటి కలదని కనుగొనెను. భూమి పైపొర దక్షిణభారతమున సాధారణముగ 35, 40 కిలోమీటర్ల మందము కలది. దాని క్రింద సుమారు 2,890 కిలోమీటర్ల లోతువరకు వేడిరాతి పొర యున్నది. అటుపైన ఇనుము, నికెలు ప్రధానముగా గల ద్రవగర్భమును, దాని నడుమ ఘనగర్భమును ఉన్నవి.

లోతునుండి వచ్చిన సంపద

లోపలి వేడివలన రాతిపొర అతి మెల్లగా కదలును. ఈ కదలికవలన భూమి కొన్నిచోట్ల పైకి లేచును, కొన్నిచోట్ల క్రుంగును. ఖనిజసంపద ఏర్పడుట దీనిపై ఆధారపడియుండును. వజ్రములు సాధారణముగ 150 కిలోమీటర్లకు మించిన లోతున పుట్టును. అట్టి లోతునుండి ఎగసివచ్చిన కింబర్లైటు అను రాయి అనంతపురము జిల్లాలోని వజ్రకరూరు ప్రాంతమున నున్నది. గోదావరి లోయలో భూమి క్రుంగిన పల్లమున నాటి అడవులు పూడిపోయి, కోట్లాది సంవత్సరములకు బొగ్గుగా మారినవి. ఇల్లెందు చెంత ఆ బొగ్గును 1871లో సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టరు కింగ్ కనుగొనెను. సింగరేణి గనులకు అదియే మూలము. అందుచే ఒక ఊరిలో దొరకినది పొరుగూరిలోను దొరకునని చెప్పుటకు వీలులేదు. నీటి విషయమును ఇట్టిదే.

రాతినేలలో నీరు ఎచ్చట నుండును?

తెలంగాణమునను, రాయలసీమలో అధికభాగమునను నేలక్రింద నున్నది నల్లరాయి. ఈ రాతికి నీరు పీల్చు గుణము లేదు. ఎండకు, వానకు లక్షలాది సంవత్సరములు నానిన పైభాగము మాత్రము మెత్తబడి గరుసుగా మారినది. దాని క్రింద కొంతలోతువరకు రాతిలో పగుళ్లున్నవి. నీరు నిలుచునది ఈ గరుసులోను, పగుళ్లలోను మాత్రమే. లోతు పెరిగినకొలది పగుళ్లు తగ్గును. హైదరాబాదు చేరువ మహేశ్వరమున జరిగిన పరిశోధనలలో నీరు పారు పగుళ్లలో అధికభాగము సుమారు 35 మీటర్లలోపే కనబడినది. ప్రతి గ్రామమునను ఇదే లోతు ఉండునని కాదు. వేయి అడుగులు పోయినంత మాత్రమున నీరు పడునను నమ్మకము మాత్రము నిరాధారము. లోతున నొక పగులులో నీరు పడినను, అది పైపొరలనుండి దిగిన వాననీరే. పొరుగు బావికి చెందవలసిన నీటినే మనము క్రిందినుండి లాగుచున్నామన్నమాట. నల్గొండ మొదలగు ప్రాంతములలో రాతినుండి నీటిలోనికి ఫ్లోరైడు దిగుచున్నది. లీటరునకు 1.5 మిల్లిగ్రాములు మించిన ఫ్లోరైడుగల నీరు త్రాగుటకు తగదు.

వేపపుల్లతోను, అరచేతిలో కొబ్బరికాయతోను జలము చూపువారు గ్రామములలో ఉన్నారు. వారియెడల గౌరవము ఉండవచ్చును. అయితే పుల్ల కదలుటకును, క్రింది నీటికిని సంబంధమున్నట్లు పరీక్షలలో రుజువు కాలేదు. విద్యున్నిరోధ పరీక్ష అట్టిదికాదు. నేలలో నాలుగు ఇనుపమేకులు నాటి, రెంటిద్వారా విద్యుత్తు పంపి, తక్కిన రెంటివద్ద దాని బలమును కొలుతురు. తడిగల గరుసు విద్యుత్తును సులభముగా పోనిచ్చును. గట్టిరాయి అడ్డగించును. మేకుల ఎడము పెంచినకొలది మరింత లోతు సంగతి తెలియును. హైదరాబాదులో 1961లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇట్టి పద్ధతులపై పరిశోధనలు జరుపుచున్నది. నీరు తప్పక పడునని ఏ పరీక్షయు హామీ ఈయజాలదు. కాని వ్యర్థమగు త్రవ్వకములను అది తగ్గింపగలదు.

నీటికి జమాఖర్చు

స్థలము గుర్తించినంతనే పని పూర్తికాదు. భూగర్భజలము ఊరందరి ఉమ్మడి ధాన్యపుగాదె వంటిది. జమకు మించి తీసినచో గాదె ఖాళీయగును. ఒక లెక్క చూడుడు. గ్రామ విస్తీర్ణము 1,000 హెక్టారులు, అనగా సుమారు 2,500 ఎకరములు. ఏడాది వర్షము 700 మిల్లిమీటర్లు. కురిసిన నీరు 70 లక్షల ఘనమీటర్లు. రాతినేలలో అందు సుమారు పదియవవంతు భూమిలోనికి ఇంకునని అనుకొందము. జమ 7 లక్షల ఘనమీటర్లు. వరికి హెక్టారునకు 12,000 ఘనమీటర్లు కావలెనన్నచో, ఆ నీరంతయు 58 హెక్టారులకు మాత్రమే చాలును. వేరుశనగవంటి ఆరుతడి పంటకు 5,000 చాలునన్నచో 140 హెక్టారులు పండును. త్రాగునీటికిని, పశువులకును వలసినది దీనినుండియే ముందుగా తీసిపెట్టవలెను.

ఇది కాగితముమీది మాట కాదు. 2003 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏడు కరవు జిల్లాలలో రైతులే బావులలో నీటిమట్టమును, వర్షమును కొలిచి, పంటకు ముందు నీటిలెక్క వేసికొని, ఏ పంట వేయవలెనో తామే యోచించుకొనిరి.

పంచాయతీ చేయదగిన పనులు

ఒకటి: గ్రామమునగల బోరుబావులన్నిటి పట్టిక వ్రాసియుంచుడు. ఏ లోతున గరుసు ముగిసినది, ఏ లోతున నీరు పడినది, ఏది విఫలమైనది అందు చేర్చుడు. పొరుగు బోరు అనుభవము తరువాతి రైతుకు ఖర్చులేని పాఠము.

రెండు: వర్షమునకు ముందును, తరువాతను కొన్ని బావులలో నీటిమట్టము కొలిపించి పంచాయతీ గోడపై వ్రాయింపుడు.

మూడు: క్రొత్తబోరునకు ముందు భూగర్భ జలశాఖవారి సలహా పొందుడు. 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి పొందుట ఆవశ్యకమని రైతులకు తెలుపుడు.

నాలుగు: చెరువుల పూడిక తీయించి, ఇంకుడుగుంటలు త్రవ్వించి జమను పెంచుడు.

ఐదు: త్రాగునీటి బోరునకు ఫ్లోరైడు పరీక్ష చేయింపుడు.

వేలకిలోమీటర్ల లోతుననున్న గర్భమును మానవుడు ఓపికతో కొలిచి, కొలతలను పోల్చి తెలిసికొనెను. ఊరి క్రింద వంద అడుగులలోనున్న నీటిని తెలిసికొనుటకును అదియే మార్గము. ఈ వేసవిలో ఒక తాడు, ఒక కొలబద్ద, ఒక పుస్తకము తీసికొని మొదటి బావివద్దకు పోవుటతో ఆ పని ప్రారంభింపవచ్చును.