చేప పిల్లల మేత

అక్కలారా! సంఘం పొదుపు డబ్బుతో చేప పిల్లలు తెచ్చాం. అవి చస్తే డబ్బు నీళ్లపాలే. అందుకే మేత సంగతి తెలుసుకుందాం.

తవుడు, పల్లి చెక్క సమంగా కలపాలి. బూజు పట్టిన చెక్క వద్దు. బూజులో విషం ఉంటుంది.

100 కిలోల పిల్లలకు రోజుకు 5 కిలోల మేత చాలు. ఎక్కువ వేస్తే నీళ్లు చెడతాయి.

పాలల్లో మజ్జిగ చుక్క వేసి తోడు పెడతాం కదా! ఆ చుక్కలో మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయి. చేప పేగుల్లోనూ అలాంటివి ఉంటాయి. మేత అరగడానికి సాయపడతాయి. అలాంటి వాటిని పొడిగా అమ్ముతారు. దాని పేరు ప్రోబయోటిక్. ఉడికించిన మేత అయితే చల్లారాక కలపాలి. వేడికి అవి చస్తాయి.

ప్యాకెట్ మీద మోతాదు, గడువు తేదీ మీరే చదవండి. ఇప్పుడు చదువు వచ్చిందిగా!

సందేహం ఉంటే పాలేరు చేపల పరిశోధన కేంద్రంలో అడగండి.

లెక్క చెప్పండి: 40 కిలోల పిల్లలకు రోజుకు ఎన్ని కిలోల మేత?