వెతికితే దొరకాలంటే: సెర్చ్ ఇంజిన్ కళ్లకు వెబ్‌సైట్ ఎలా కనిపిస్తుంది?

యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో తేలియా రుమాల్ నేసే ఒక కుటుంబం సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకుందనుకుందాం. పడుగు, పేక రెండింటికీ నేతకు ముందే ముడులు వేసి రంగులద్దే అరుదైన పనితనం అది. ఫొటోలు బాగున్నాయి, ధరలూ న్యాయంగానే ఉన్నాయి. కానీ ‘తేలియా రుమాల్’ అని గూగుల్‌లో వెతికిన వారికి ఆ సైట్ కనిపించదు. బేరం మధ్యవర్తికి పోతుంది. లోపం బట్టలో లేదు. ఆ పేజీలో ఏముందో యంత్రానికి తెలియకపోవడంలో ఉంది. ఈ లోపాన్ని సరిదిద్దే పద్ధతులనే సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్, క్లుప్తంగా ఎస్‌ఈఓ అంటారు.

వెతకడానికి ముందే జరిగే పని

మనం ప్రశ్న టైప్ చేసిన క్షణంలో సెర్చ్ ఇంజిన్ ఇంటర్నెట్ అంతా గాలించదు. ఆ పని ముందే జరిగి ఉంటుంది. క్రాలర్ అనే ప్రోగ్రామ్ ఒక పేజీలోని లింకులు పట్టుకుని మరో పేజీకి వెళుతూ సమాచారం సేకరిస్తుంది. ఏ లింకూ లేని పేజీ దారిలేని ఊరు లాంటిది. సైట్‌లోని పేజీల చిరునామాలన్నీ రాసి పెట్టే ‘సైట్‌మ్యాప్’ అనే ఫైల్ ఇక్కడ ఉపయోగపడుతుంది.

సేకరించిన పదాలతో సూచిక తయారవుతుంది. పాఠ్యపుస్తకం చివర పదాల పట్టిక, పక్కనే పేజీ సంఖ్యలు ఉన్నట్టే, ఏ పదం ఏయే వెబ్‌పేజీల్లో ఉందో ఇందులో నమోదవుతుంది. మూడో దశలో, అడిగిన ప్రశ్నకు తగిన పేజీలను సూచిక నుంచి తీసి వరుసలో పేరుస్తారు. పోటీ అంతా ఈ వరుస కోసమే.

వరుస వెనుక గణితం

అన్ని పదాలకూ ఒకే విలువ ఉండదు. తక్కువ పత్రాల్లో కనిపించే పదానికి ఎక్కువ బరువు ఇవ్వాలని బ్రిటన్ శాస్త్రవేత్త కరెన్ స్పార్క్ జోన్స్ 1972లో ప్రతిపాదించారు. ‘చీర’ అనే మాట లెక్కలేనన్ని పేజీల్లో ఉంటుంది. ‘తేలియా రుమాల్’ కొన్నింటిలోనే ఉంటుంది. కాబట్టి చిన్న వ్యాపారి ‘చీరలు’ అనే మాట కోసం పెద్ద సంస్థలతో తలపడటం కంటే, తన సరుకు అసలు పేరును పేజీ శీర్షికలో స్పష్టంగా రాయడం మేలు.

పదాలు మాత్రమే చాలవు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ రూపొందించిన ‘పేజ్‌ర్యాంక్’ ప్రతి లింకునూ ఒక సిఫారసుగా చూసింది. 1998లో వెలువడిన వారి పరిశోధనా పత్రం ఒక కాలక్షేప పాఠకుడిని ఊహిస్తుంది. అతను సాధారణంగా పేజీలోని ఏదో ఒక లింకు నొక్కుతాడు. విసుగొస్తే ఎక్కడికో దూకుతాడు. లింకు నొక్కే సంభావ్యతను సాధారణంగా 0.85గా తీసుకుంటారు. ఉదాహరణకు, 6 మార్కుల విలువున్న పేజీలో మూడు లింకులుంటే, ఒక్కో లింకుకు 2 చొప్పున పంచి 0.85తో గుణిస్తే 1.7 వస్తుంది. అంటే ఎన్ని లింకులు వచ్చాయన్నదే కాదు, ఎవరి నుంచి వచ్చాయన్నదీ ముఖ్యమే. నేటి సెర్చ్ ఇంజిన్లు వీటితోపాటు ఇంకా అనేక అంశాలను చూస్తాయి.

తెలుగు సైట్లలో తరచూ జరిగే పొరపాట్లు

వివరాలన్నీ పోస్టర్ బొమ్మలో పెట్టి వదిలేయడం వీటిలో మొదటిది. మనిషి చదవగలిగిన అక్షరాలు యంత్రానికి వట్టి చుక్కలుగా మిగిలిపోవచ్చు. పేరు, ధర, ఊరు, ఫోన్ నంబరు అక్షరాల్లోనే ఉండాలి. ప్రతి ఫొటోకూ ఒక వాక్యం వివరణ జోడించాలి. రెండోది, యూనికోడ్ కాని పాత ఫాంట్లు. అలాంటి పేజీలో తెరపై తెలుగు కనిపించినా, లోపల ఉండేవి వేరే అక్షరాల సంకేతాలు. వాటిని తెలుగు పదంతో వెతికితే దొరకవు. చాలామంది తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తారు కాబట్టి, సరుకు పేరు రెండు లిపుల్లోనూ ఉండటం మంచిది.

వేగం కూడా లెక్కలోకి వస్తుంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు తెరపైకి రావాలన్నది గూగుల్ సూచించే ప్రమాణం. ఫొటోల సైజు తగ్గిస్తే చాలా సైట్లు గణనీయంగా తేలికపడతాయి.

అడ్డదారులు, హామీలు

ఒకే మాటను వందసార్లు రాయడం, తెల్లని నేపథ్యంపై తెల్లని అక్షరాలు దాచడం, లింకులు కొనడం ఒకప్పటి చిట్కాలు. నాసిరకం పేజీలను వెనక్కి నెట్టేందుకు 2011లో ‘పాండా’, లింకుల మోసాలను అరికట్టేందుకు 2012లో ‘పెంగ్విన్’ మార్పులను గూగుల్ తెచ్చింది. దొరికితే సైట్ ఫలితాల్లోంచే పోవచ్చు.

‘మొదటి స్థానం గ్యారంటీ’ అని డబ్బు అడిగేవారిని నమ్మకూడదు. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ స్వయంగా చెబుతోంది. ప్రకటనకు డబ్బు కడితే ప్రకటన కనిపిస్తుంది కానీ, సహజ ఫలితాల్లో స్థానం పెరగదు.

ఎవరికైనా డబ్బు ఇచ్చే ముందు ఉచితంగా చేసుకోగల పరీక్ష ఒకటుంది. గూగుల్‌లో ‘సైట్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా వెబ్ చిరునామా రాయాలి. ఒక్క పేజీ కూడా రాకపోతే, ఆ సైట్ బహుశా ఇంకా సూచికలోకే ఎక్కలేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే ‘సెర్చ్ కన్సోల్’లో దానికి కారణం చూడవచ్చు. క్రాలర్‌ను రావద్దని చెప్పే ఆదేశం, సైట్ తయారుచేసేటప్పుడు పెట్టి తీయడం మరిచిపోయినది, అక్కడే ఉండిపోయి ఉండవచ్చు. ఆ ఒక్క పంక్తి తొలగిస్తే, అప్పటిదాకా మూసి ఉన్న దుకాణం తలుపు తెరుచుకుంటుంది.