తుఫాను వేళ పక్షులు ఎక్కడ తలదాచుకుంటాయి?

తుఫాను హెచ్చరిక రాగానే మనం తలుపులు, కిటికీలు బిగించుకుంటాం. తీరంలో ఉన్నవారిని తుఫాను షెల్టర్లకు తరలిస్తారు. మరి పక్షుల సంగతేమిటి? 'గూట్లోకి పోతాయి' అని మనలో చాలామందిమి అనుకుంటాం. అది సరికాదు. ఎక్కువ పక్షులకు గూడు అంటే గుడ్లు పెట్టి, పిల్లలను పెంచే చోటు మాత్రమే. పిల్లలు ఎగిరిపోయాక దానిని వదిలేస్తాయి.

ముందే ఎలా తెలుస్తుంది?

పక్షులు గాలి పీడనంలో మార్పును పసిగట్టగలవు. పీడనం తగ్గితే కొన్ని పిట్టలు మామూలు కంటే ఎక్కువ మేత తింటాయి. వాన కురిసేటప్పుడు మేత దొరకదు కదా! 2014 ఏప్రిల్‌లో అమెరికాలోని టెనసీ రాష్ట్రంలో, సుమారు 9 గ్రాముల బరువుండే వార్బ్లర్ పిట్టలు టోర్నడోలు రావడానికి ఒకటి రెండు రోజుల ముందే ఆ చోటు వదిలి వెళ్ళి, గండం గడిచాక తిరిగి వచ్చాయి. మన చెవికి వినిపించని అతి తక్కువ పౌనఃపున్యం గల ధ్వనిని అవి విని ఉండవచ్చని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఎక్కడ దాక్కుంటాయి?

1. తొర్రలు: రామచిలుకలు, గోరింకలు, గుడ్లగూబలు ముసలి చెట్ల తొర్రల్లో దూరుతాయి. వడ్రంగి పిట్ట తొలిచి వదిలిన తొర్రలు కూడా వీటికి పనికొస్తాయి.

2. గాలి చాటు: తొర్ర దొరకని పిట్టలు గుబురు చెట్లలో, పొదల్లో, గాలి తగలని వైపు మానుకు దగ్గరగా కూచుంటాయి. వాటి కాలి స్నాయుబంధనాలకు గరుకుతనం ఉంటుంది. వేళ్ళు ముడవగానే అది గొళ్ళెంలా పడి, పట్టు జారనివ్వదు.

3. ఇళ్ళు: పిచ్చుకలు చూరుల్లో, గోడ సందుల్లో చేరతాయి.

4. సముద్ర పక్షులు: జపాన్ దగ్గర షీర్‌వాటర్ అనే పక్షులు కొన్ని, నేల మీదికి కొట్టుకుపోకుండా ఏకంగా తుఫాను కన్ను వైపే ఎగురుతాయని 2022లో ప్రచురించిన ఒక పరిశోధన తెలిపింది.

గిజిగాడి తెలివి వేరు. చెట్టుకు తూర్పు వైపున గూళ్ళు వేలాడదీయడానికి ఇష్టపడుతుంది. నైరుతి రుతుపవనాల గాలికి అప్పుడు చెట్టే అడ్డుగోడ అవుతుంది.

అసలు ప్రమాదం తర్వాతే

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన తుఫాను పేరు హుద్‌హుద్. అరబ్బీ భాషలో అది, తల మీద ఈకల కిరీటం ఉన్న ఒక పిట్ట పేరు. ఆ పిట్ట గూడు పెట్టేది కూడా చెట్టు తొర్రల్లో, గోడ రంధ్రాల్లోనే. పిట్ట పేరు పెట్టుకున్న ఆ తుఫానే విశాఖలో వేలాది చెట్లను కూల్చేసింది! 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టం చేసింది. గాలి నుంచి బతికి బయటపడిన పిట్టకు మర్నాడు కాయ, పురుగు, తొర్ర ఏవీ ఉండవు. మొక్కను ఒక్క రోజులో నాటవచ్చు. కానీ తొర్ర ఏర్పడడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది.

మనం ఏం చేయగలం?

* ఎవరికీ ప్రమాదం లేని చోట తొర్రలున్న ముసలి మానును, ఎండిపోయినా సరే, కొట్టనివ్వకూడదు.
* తడిసి పడిపోయిన పిట్టను రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో పొడిగుడ్డ వేసి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచాలి. ముక్కులో నీళ్ళు పోయకూడదు. తేరుకున్నాక వాన తగ్గిన వేళ వదిలేయాలి. దెబ్బ తగిలితే పశువుల డాక్టరుకో, అటవీ శాఖ వారికో చెప్పాలి.
* వాన వెలిసిన రోజుల్లో హాస్టల్ గోడ మీద గుప్పెడు నూకలు, ఒక మూకుడులో నీళ్ళు పెట్టాలి.

మనుషుల కోసం షెల్టర్లు కట్టడానికి ప్రభుత్వం ఉంది. పిట్టల షెల్టరు చెట్టే. మన హాస్టల్ ఆవరణలో, మన ఊళ్ళలో ఉన్న పాత చెట్లను ఆ కంటితో ఒకసారి చూద్దాం.