త్రిప్పని రొట్టె, తొందరపడిన కేకు

గృహ ధ్యాన పాఠము

చదువవలసిన భాగములు: హోషేయ 7:8-9; నిర్గమ 26:15-30; మత్తయి 23:25-26; యాకోబు 5:16



పూర్వము మన పల్లెలలో క్రిస్మస్ పండుగకు అరిసెలు, కజ్జికాయలు వండుకొనెడివారము. ఇప్పుడు వానితోపాటు కేకు కూడ వచ్చి చేరినది. పట్టణమునుండి అలంకరించిన కేకు తెచ్చుటకు చేబదులు పుచ్చుకొను కుటుంబములను మేమెరుగుదుము. అందుచేత గడచిన క్రిస్మస్‌కు మా సంఘ స్త్రీల సమాజమువారితో కలిసి రెండు వరుసల కేకును ఇంటనే చేయ పూనుకొంటిమి. అందరికిని అదియే మొదటిసారి.

తన కోళ్లు పెట్టిన గ్రుడ్లు తెచ్చిన ఒక సహోదరి దగ్గరుండి కేకులు కాల్చినది. అవి చక్కగా పొంగినవి. అయితే అతిథులు వచ్చు వేళ సమీపించినది. ఆమె చేయి ఆనించి చూచి, “ఇంకా గోరువెచ్చగానే ఉందండి, అయ్యగారూ” అనెను. “వేళ లేదమ్మా, కానియ్యండి” అంటిమి. క్రీము పూసి, ఒకదానిపై ఒకటి పెట్టి, పైన రంగుల పువ్వులు వేయించితిమి. అందరి యెదుట బల్లమీద పెట్టిన కొద్దిసేపటికే క్రీము కరిగి, పై వరుస ప్రక్కకు జారి, జామ్ దుప్పటిమీదికి కారెను. “ఎవరమ్మా చేసినది?” అని ఒకరడిగిరి. ఆ సహోదరి తల వంచుకొనెను. మేము మౌనముగా ఉంటిమి.

ఎఫ్రాయిమును ప్రవక్త త్రిప్పని రొట్టెతో పోల్చెను. పెనముమీద రొట్టె కాల్చు తల్లులకు దీని భావము చెప్పనక్కరలేదు. ఒక ప్రక్క మాడును, మరియొక ప్రక్క పచ్చిగా ఉండును. తన బలము తరిగిపోయినను ఎఫ్రాయిమునకు అది తెలియలేదు. కంటికి కనబడు పని కనబడని పనిమీద నిలుచును. ఈ సత్యమును కేకు చేయు విధానములోనే నేర్చుకొందము.

1. చల్లారనియ్యవలెను. పొయ్యినుండి దించిన పిమ్మట పది నిమిషములు పాత్రలోనే ఉంచి, తరువాత తీగల స్టాండుమీద బోర్లించవలెను. కనీసము రెండు గంటలు ఆగవలెను. మూతపెట్టి రాత్రంతయు ఉంచిన మరింత మేలు. వెన్న సుమారు 32 నుండి 35 డిగ్రీల వేడికే కరుగనారంభించును. కనుక మన ప్రాంతపు ఎండకాలములో ఈ పని తెల్లవారుజామున చేయుట మంచిది.

2. సమము చేయవలెను. ఉబ్బిన పైభాగమును పండ్లుగల పొడవాటి చాకుతో నెమ్మదిగా కోయవలెను. పై వరుసను బోర్లించి పెట్టినయెడల చదునైన అడుగుభాగము పైకి వచ్చును. క్రింద వంకరయున్నయెడల పైన ఎన్ని పువ్వులు వేసినను ఆ వంకర పోదు.

3. గట్టు వేసి నింపవలెను. 250 గ్రాముల మెత్తని వెన్నకు 500 గ్రాముల పంచదార పొడి చేర్చి గిలకొట్టిన క్రీము తయారగును. దానితో క్రింది వరుస అంచుచుట్టు, పొలమునకు గట్టు వేసినట్లు, వ్రేలెడు మందమున వేయవలెను. లోపల జామ్‌ను పలుచగా పరచవలెను. గట్టు ఎత్తు మించి నింపినయెడల పై వరుస బరువుకు అది బయటికి కారును.

4. మొదటి పూత పలుచగా వేయవలెను. రాలు పొడిని ఇది పట్టి ఉంచును. అరగంట ఫ్రిజ్‌లో ఉంచి గట్టిపడిన పిమ్మట రెండవ పూత వేయవలెను. మొదటి పూతను ఎవరును చూడరు. అది లేనియెడల రెండవ పూతనిండ పొడి కనబడును. అలంకారము అన్నిటికంటె కడపటిది.

5. మరియొక అంతస్తు పెట్టగోరినయెడల, దానిక్రింద గట్టి అట్ట ఉంచి, క్రింది కేకులో దాని ఎత్తుకు సరిగా కోసిన లావైన స్ట్రాలు నాలుగైదు నిలువుగా గ్రుచ్చవలెను. పైబరువును మోయునవి అవే. ప్రత్యక్ష గుడారపు పలకలకు బంగారు రేకు పొదిగిరి. కాని ప్రతి పలకక్రింద రెండేసి వెండి దిమ్మలు పెట్టిరి. చూచువారి కన్ను బంగారముమీదనే నిలుచును. బరువు మోసినది వెండి దిమ్మలు. మన సంఘములలోను తెల్లవారకమునుపే మందిరము ఊడ్చువారు, రోగుల ప్రక్కన రాత్రి మేల్కొనువారు అట్టి దిమ్మలే.

ప్రియులారా, మేము సెమినరీలో హోషేయ గ్రంథమును చదివితిమి, అనేక పర్యాయములు బోధించితిమి. అయినను ఆ రాత్రి త్రిప్పని రొట్టె మేమే. జారిన కేకు మమ్మును బాధించలేదు. ఆ సహోదరి వంచిన తల మమ్మును నిద్రపోనియ్యలేదు. గిన్నె వెలుపల తోమి లోపల విడిచిపెట్టువారిని ప్రభువు గద్దించిన మాట మా కొరకే అనిపించెను. తరువాతి ఆదివారము సంఘము ఎదుట, “తొందరపెట్టినది మేము, తప్పు మాది, ఆమెది కాదు” అని ఒప్పుకొని క్షమాపణ వేడుకొంటిమి. ఆమె నవ్వి, “పోనియ్యండి అయ్యగారూ, పిల్లలు పళ్లెముతో సహా నాకేశారు గదా!” అనెను.

నూతన సంవత్సరమునకు ఆమె చేతనే మరల చేయించితిమి. ఈసారి ఎప్పుడు పూయవలెనో ఆమెయే చెప్పెను, మేము కనిపెట్టుకొని ఉంటిమి. పువ్వులు తక్కువ, కాని కేకు నిలిచినది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన గృహములో పైకి అలంకరించి, లోపల పచ్చిగా విడిచినది ఏది?
2. మన తప్పును మౌనముగా మోయుచున్నవారు ఎవరైన ఉన్నారా? ఈ వారమే వారియొద్దకు వెళ్లుదమా?
3. మన సంఘములో కనబడక బరువు మోయువారు ఎవరు? వారిని పేరు పేరున జ్ఞాపకము చేసికొని ప్రార్థించుడి.